వెండెల్ కొట్టిన దూరం

పాత స్టేడియం పడగొట్టిన చోట టైర్ల షాపు పెట్టారు.
దాని వెనక, కార్లు నిలిపే జాగాలో
నెలకో శనివారం మేం నలుగురం చేరతాం.
మడత కుర్చీలు, ఫ్లాస్కులో కాఫీ,
ఈరీ సరస్సు మీంచి కోసే గాలికి
చెవులదాకా లాక్కున్న టోపీలు.

హోమ్ ప్లేటు ఇక్కడ, ఈ నూనె మరక దగ్గర.
లెఫ్ట్ ఫీల్డు అదిగో, ఆ ఆకుపచ్చ చెత్త తొట్టి ఉన్న చోట.
అక్కడ నిలబడేవాడు వెండెల్ ప్రూయిట్,
గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని
ఎవరికో రహస్యం చెబుతున్నట్టు.
పాడుకునేవాడంటుంది మావిస్.
ఆ వైపు మెట్ల మీద పదకొండేళ్లు
వేరుసెనగ పొట్లాలమ్మింది.
ఏం పాట అంటే చెప్పదు.

ఆ ఏడు ముప్పై నాలుగు హోమ్ రన్లు కొట్టాడు.
మా జట్టు తొంభై తొమ్మిది ఆటలు ఓడింది.
మునిగే పడవలో బలంగా తెడ్డేసేవాణ్ణి
ఒడ్డునున్నవాడు ఎందుకు చూస్తాడు?
పొద్దున్నే పేపరు తిరగేస్తే అడుగున ఒకటే ముక్క:
'ప్రూయిట్ కూడా ఒకటి కొట్టాడు.'
ఆ 'కూడా' మీద నాకు ఇప్పటికీ మంట.

మేమేం తక్కువ తిన్నామా?
మూడు బంతులూ వదిలేసి తలొంచుకుని వస్తుంటే
గొంతు చించుకుని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.
ఊపిన బ్యాటు గాలికి
మూడో వరసలో నా చేతి కాగితం రెపరెపలాడేది.
సరే, ఆడలేదు.
ముప్పై ఏళ్లుగా ఆడిందనే చెబుతున్నాను.

టెర్రెన్స్ ఏడో నంబరు బస్సు నడిపేవాడు.
ఓడిన ఒక రాత్రి బస్సెక్కాడట వెండెల్,
సరిగ్గా చిల్లర లెక్కపెట్టి వేసి,
ఉల్లిపాయల సంచితో ఉన్నామెకి సీటిచ్చి,
పైకమ్మీ పట్టుకుని పదహారు స్టాపులు నిలబడ్డాడట.
ఎవ్వరూ గుర్తుపట్టలేదు.
నువ్వైనా పలకరించలేకపోయావా అంటే
'బస్సు నడుపుతున్నాను కదా' అంటాడు,
ఆ మాటన్నాక కాసేపు కాఫీ తాగడు.

మావిస్ కారు సంగతి చివరికి ఉంచుకుంటాం.
జూలై. తొమ్మిది పరుగులు వెనకబడి ఉన్నాం.
జనం లేచి పోతున్నారు, నేనూ ఒక కాలు మెట్టు మీద వేశాను.
చప్పుడు విని వెనక్కి తిరిగేసరికి బంతి లేదు.
కప్పు దాటి, వీధి దాటి
మావిస్ ప్లిమత్ ముందు అద్దంలో దిగింది.
మర్నాడు కవరులో డబ్బు పట్టుకుని తనే వచ్చాడు.
ఆ డబ్బుతో పిల్లకి పళ్లు బాగుచేయించింది.
పగిలిన అద్దంతోనే ఆరేళ్లు నడిపింది.
పోలీసులు రెండుసార్లు జరిమానా రాస్తే
ఆ కాగితాలు కూడా దాచుకుంది.

ఆ దూరాన్ని ఏటా కొలుస్తాడు కుచిన్‌స్కీ.
నాలుగు వందల అరవై అడుగులు.
తర్వాతేడు నాలుగు వందల తొంభై.
ఈసారి అయిదు వందల ముప్పై.
మోకాలు అరిగేకొద్దీ అతని అడుగు కురచబడుతోందని
మాకు తెలుసు.
ఎవరం నోరెత్తం.

మొన్న చలికాలం పోయాడు వెండెల్, డేటన్‌లో.
పేపర్లో ఇంట్లోవాళ్లు రాయించినది మావిస్ చదివింది:
హీటర్లు బాగుచేసేవాడు. ముగ్గురు కూతుళ్లు.
చర్చిలో ఇరవై రెండేళ్లు పాడాడు.
బేస్‌బాల్ కూడా ఆడాడు.

'నే చెప్పలా, పాడేవాడని' అంది.
కళ్లద్దాలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.
ఈ 'కూడా'ని ఏం చేసుకోవాలో
నాకింకా తేలలేదు.

ఇంతలో టైర్ల షాపు కుర్రాడు బయటికొచ్చి
ఏం కొలుస్తున్నారు తాతా అన్నాడు.
బంతి పడ్డ చోట నిలబడు, చూపిస్తానన్నాడు కుచిన్‌స్కీ.
వాడు తొట్టి దగ్గరికి నడిచాడు.
ఇంకా వెనక్కి.
కంచె దాకా వెళ్లాడు.
ఇంకా.
వీధి దాటుతూ వాడు చెయ్యెత్తి ఇక్కడా అని అరిచాడు.
గాలికి మాకు సరిగా వినపడలేదు.
నలుగురం ఒకేసారి చేతులూపాం,
ఇంకొంచెం, ఇంకొంచెం వెనక్కి అని.